ఉప్పు సొరుగు

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, దూది ఏకి పరుపులు కుట్టే దస్తగిరి ఇంట్లో తెల్లవారేది అతని తల్లి మస్తానమ్మ చేతి చప్పుళ్ళతోనే. ముందు చితుకులు విరిచిన చప్పుడు, తర్వాత సొరుగు లాగిన చప్పుడు, వెంటనే మూసిన చప్పుడు. కోడలు మాబున్ని పక్కమీద నుంచే అత్త ఏం చేస్తున్నదో చెప్పగలదు. ఏడేళ్ళ కాపురంలో అత్త ఒక సరుకు కోసం రెండు సొరుగులు లాగడం ఆమె ఎరగదు. తనకు మాత్రం ధనియాలు కావాలంటే నాలుగు సొరుగులు చూడాలి. అదేం విద్యో అని లోలోపల కాస్త అసూయ కూడా పడేది.

ఆ సొరుగుల బీరువా మామగారిది. జమ్మలమడుగులో మందులిచ్చే ఒక హకీం సాబు అంగడి ఎత్తేస్తుంటే కొని, ఎద్దులబండి మీద వేసుకొచ్చి వంటింట్లో దించాడట. వరసకు మూడు చొప్పున నాలుగు వరసలు, మొత్తం పన్నెండు సొరుగులు. ఆయన పోయి ఆరేళ్ళైంది. బీరువా పొగచూరి, నూనె జిడ్డు పట్టి, ఏ రంగు చెక్కో కూడా తెలియకుండా అయింది. సొరుగుల పిడుల కింద కత్తి గాట్లు. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు, కొన్నింటికి అడ్డంగా ఒక గీత. నాలుగేళ్ళుగా ఒకటీ అరా కొత్తగా పుట్టుకొస్తూ ఉంటే, కూతురు మెహరున్నీసా పని అనుకుని మాబున్ని ఒకసారి ఆ పిల్ల వీపు మీద రెండు వేసింది. అత్త పక్కనే ఉంది, మాట్లాడలేదు. తర్వాత పిల్లను పిలిచి ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అది రెండో ఎండాకాలం. రంజాన్ ఉపవాసాల రోజా నెల మొదలవడానికి ఇంకా పది రోజులుందనగా, ఒక పొద్దున పైవరస సొరుగు అడుగు ఊడి జీలకర్రంతా నేలపాలైంది. దస్తగిరికి కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఇంగ దీని పని అయిపోయినాది మా. వడ్లాయనకు చెప్పి కొత్తది చేపిస్తా. దీన్ని పగలగొడితే రోజా నెలంతా పొయ్యిలేకి కట్టెలకు కొదవుండదు."

"నేను సచ్చినాంక పగలగొట్టుకోండి," అంది మస్తానమ్మ. పొయ్యి ముందు నుంచి తల తిప్పలేదు.

"ఏంది మా నీ మొండితనం? కొత్తది వస్తే సుఖం నీకే గదా. అసలు ఈ వయసులో నీకు ఈ పొగలో పనేంది? అంతా నీ కోడలి మిందికి ఇడిచిపెట్టి, సల్లగా అరుగు మింద కూచ్చో."

మస్తానమ్మ చేతిలో గరిటె ఆగింది. "నన్ను మీ జేజి మాదిరి అరుగు మింద కూచ్చోబెడతావా? ఆ పొద్దు రానీ, నేను ఈ ఇంట్లో ఉండను."

జేజి అంటే మామగారి తల్లి, మాబున్ని ఆమెను చూసి ఎరగదు; అత్త అంతలా ఎందుకు రేగిందో ఆమెకు అర్థం కాలేదు. తల్లీకొడుకుల నడుమ మాట పెరగకుండా తనే అడ్డం పడింది.

"కొత్తదీ వద్దు, పగలగొట్టేదీ వద్దు. అడుగు చెక్కలు మార్పిచ్చి రంగు ఏపిద్దాం. ఇంగ పదేండ్లు నిలుస్తాది. అత్తకు మామ గురుతూ ఉంటాది, చూసేటోళ్ళకు కొత్తగానూ ఉంటాది."

"రంగన్నా ఏపీండి, పొయ్యిలో అన్నా పెట్టండి. పండగకు అక్కోళ్ళు జమ్మలమడుగు నుంచి వస్తారు. అప్పటికి ఇది ఈ అవతారంలో కనపడగూడదు," అని దస్తగిరి అంగీ తొడుక్కుని అంగడికి వెళ్ళిపోయాడు.

మస్తానమ్మ పొయ్యిలోకి ఒక చితుకు తోసి, "చెక్కను ముట్టకుండా పైపైన ఏపియ్యి తల్లీ," అంది. అత్తను ఒప్పించానన్న సంతోషంలో మాబున్ని ఆ మాటను సగమే విన్నది.

రంగుల అబ్దుల్ సత్తార్ ఊళ్ళో పేరున్న పనివాడు. సొరుగులన్నీ ఊడదీసి పెరట్లో వరసగా పేర్చాడు. మస్తానమ్మ గుమ్మంలో కూర్చుని అతనికీ అదే చెప్పింది, పైపైన పూయమని.

"పైపైన పూస్తే అది రంగు పని గాదు పెద్దమ్మా. నా చెయ్యి పడినాంక ఇది పాతదని ఒకరు అనరాదు," అని నవ్వాడు సత్తార్.

అతన్ని పక్కకు పిలిచి గాట్లు చూపించింది మాబున్నే. "ఈటిని బాగా పూడ్చు సత్తారన్నా. యాడ ఉన్నాయో కూడా తెలీగూడదు." అతను సుద్దపొడిలో అవిసెనూనె పోసి లప్పం పిసికి, ఒక్కో గాటులోకి వేలితో కూరి, ఆరాక గరుకు ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది అరచెయ్యి జారేటట్టు చేశాడు. నీలం రంగు అనుకున్నారు. అంగట్లో నీలం అయిపోయిందని ఆకుపచ్చ తెచ్చాడు. తనకు నీలమే కావాలని మెహరున్నీసా ఒక పూటంతా ఏడ్చింది. ఆ పూట మస్తానమ్మ ఇంట్లో లేదు, వీధి చివర ఎవరికో కాన్పు అయితే చూడబోయింది.

రంగు ఆరాక మాబున్ని సొరుగులన్నీ తనకు తోచినట్టు సర్దింది. ఉప్పు చెమ్మకు కరుగుతున్నదని పైవరసకు మార్చింది. ఎండలకు బావి అడుగంటి నీళ్ళు బురదగా వస్తున్నందున సేరు పటిక తెచ్చి, కడవల్లో తిప్పడానికి వీలుగా చిన్న పలుకులుగా కొట్టి, ఖాళీ అయిన ఉప్పు సొరుగులో పోసింది. అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బీరువా ముందు నిలబెట్టింది.

"ఎట్లుండాది అత్తా? అన్నీ కొత్తగా సర్దినా. చూసుకో."

మస్తానమ్మ ఒక పిడి కింద వేలు పెట్టి కుడికి జరిపింది, ఎడమకు జరిపింది. ఇంకో పిడి కింద అట్లాగే.

"బాగుండాది. నీలం బాగా ఎక్కినాది."

మాబున్ని మొహం చిన్నబోయింది. కళ్ళెదుట ఆకుపచ్చ పెట్టుకుని నీలం అంటే వెటకారం కాక ఏమిటి? మూడు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని, బీరువా పొయ్యి పాలు కాకుండా కాపాడితే అత్త ఇచ్చిన మెప్పు ఇది. ఆమె చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రోజులు బాగా గడవలేదు. మస్తానమ్మకు ఉన్నట్టుండి కోడలి చేత పనులు చేయించుకునే బుద్ధి పుట్టింది. "మాబున్నీ, మెంతులు ఇట్ల అందియ్యి. పసుపు తీసియ్యి." చెయ్యి చాపితే అందేదానికి కూడా, ఆఖరికి ఉప్పుకు కూడా పిలుపే. అడిగినప్పుడల్లా మాబున్ని కుట్టుపని వదిలి రావడం, విసురుగా సొరుగు లాగి సరుకు అత్త ముందు పెట్టి పోవడం. తెల్లవారుజామున వంటింటి చప్పుళ్ళు కూడా మారిపోయాయి. లాగడం, మూయడం, లాగడం, మూయడం. కొత్త రంగు అంటుకుని సొరుగులు సరిగా రావడం లేదేమో అనుకుంది మాబున్ని. లేచి చూడబుద్ధి కాలేదు.

రోజా నెల తొమ్మిదో నాడు మామగారు పోయిన రోజు. ఏటా ఆ సాయంత్రం ఈ ఇంటి నుంచి మసీదుకు పెద్ద డేక్సా నిండా గంజి పోతుంది. నూకలు, పెసరబేడలు, మెంతులు, ఎల్లిపాయలు వేసి మస్తానమ్మ కాచే గంజికి పేరుంది. పగలంతా ఒక్కపొద్దుండి దానితోనే ఉపవాసం విడిచే కూలిజనం నలభై మంది దాకా ఉంటారు. కాచేది రోజా ఉన్న చెయ్యి కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ నాలుక మీద వేసుకుని చూడరు. మస్తానమ్మ పిడికిలే కొలత. ఇన్నేళ్ళలో ఆ కొలత తప్పలేదు. మాబున్ని ఆ మధ్యాహ్నమంతా ముందు గదిలో పండగ పరుపుల గలీబులు కుడుతూ కూర్చుంది. మొగుడి పేరు మీది గంజి కాబట్టి కాబోలు, ఆ పూట అత్త దేనికీ పిలవలేదు. గంజి వాసన కమ్మగా వచ్చింది. దస్తగిరి, ఇంకో మనిషి కలిసి డేక్సాకు కట్టె దూర్చి మోసుకుపోయారు.

పొద్దు గూకి అరగంట కాలేదు, డేక్సా తిరిగి వచ్చింది. నిండుగానే వచ్చింది.

దస్తగిరి దాన్ని నడింట్లో దించి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పొద్దన్నించి గుక్కెడు నీళ్ళు తాగనోళ్ళు మా. బిస్మిల్లా అని గిన్నె ఎత్తినారు. ఒక్కొక్కరే మూతి తిప్పుకోని పక్కకు పోయి ఉమ్మేసినారు. గౌస్ మొహిద్దీన్ మామ ఒక్కడే ఉమ్మకుండా మింగి, పోనీలేప్పా అన్యాడు. ఆ మాటకు నాకు ప్రాణం పోయినట్లయింది. నాయన పేరు మింద పెట్టిన గంజి గదా అది."

మాబున్ని వేలు ముంచి నాలుకకు రాసుకుంది. నోరంతా పిడచగట్టుకుపోయి, పళ్ళు గరగరలాడాయి. ఆ రుచి ఆమెకు తెలుసు. లేచి వెళ్ళి బీరువా చూసింది. పైవరసలో ఉప్పు పోసింది పోసినట్టే ఉంది. పాత ఉప్పు సొరుగులో పటిక సగానికి తగ్గింది.

"ఉప్పు గాదు. పటిక ఏసింది," అంది గుమ్మంలో నిలబడి.

దస్తగిరి తల్లి వైపు తిరిగాడు. "ఉప్పుకూ పటికకూ తేడా తెలీదా మా? కండ్లు కనపల్లేదా నీకు?"

మస్తానమ్మ పొయ్యి పక్కన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"నా కండ్లకేం? కనపడతాండాయి."

"మరి ఎట్ల ఏసినావు? కనపడి ఏసినావంటే కావాలనే ఏసినట్ల గదా? బీరువాకు రంగేసినామని ఇంత కచ్చ పెట్టుకుంటివా?"

మెహరున్నీసా మాబున్ని కుచ్చెళ్ళు పట్టుకుని వెనక దాక్కుంది.

"అవును," అంది మస్తానమ్మ. "కావాలనే ఏసినా. నా మొగుడి బీరువాను మీ ఇష్టమొచ్చినట్ల చేసినారు. నాకు కడుపు మండింది."

"నాయన పేరు తీసినావు గదా మా," అన్నాడు దస్తగిరి. అతనికి ఏడుపొచ్చింది, అది కోపమై బయటికొచ్చింది. "ఇంగ ఈ ఇంట్లో నువ్వు పొయ్యి ముట్టొద్దు. రేపు పగటేల బస్సుకు జమ్మలమడుగులో మైమూనక్క ఇంటికి ఇడిచిపెట్టి వస్తా."

మాబున్ని ఆపి ఉండవచ్చు. ఆపలేదు. నీలం బాగా ఎక్కింది అన్న మాట ఆమె గుండెలో ముల్లులా ఉండనే ఉంది. పోతే పోనీ, అప్పటికి గానీ కోడలి విలువ తెలిసిరాదు అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత బతుకంతా తనను తాను క్షమించుకోలేకపోయింది.

మర్నాడు దస్తగిరి బస్సు వేళకు వస్తానని చెప్పి అంగడికి వెళ్ళాడు. మస్తానమ్మ తన రెండు కోకలు, తసబీ పూసలదండ మూట కట్టి గడప పక్కన పెట్టుకుంది. మాబున్ని పెరట్లో నీళ్ళు తోడుతుంటే వంటింట్లోంచి మళ్ళీ ఆ చప్పుడు వినిపించింది. లాగడం, మూయడం, లాగడం, మూయడం. పోయే ముందు ఇంకా ఏం చెయ్యబోతున్నదో అని కడవ దించి, తడి కాళ్ళతో చప్పుడు కాకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

మస్తానమ్మ బీరువా ముందు ఉంది. ఒక్కో పిడి కింద వేలు పెట్టి నిమురుతోంది. అక్కడ ఏమీ దొరక్క సొరుగు లాగి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. రంగు గబ్బు ఇంకా పోలేదు. మళ్ళీ మూసి ఇంకోటి లాగుతోంది. పన్నెండూ అయ్యాక రెండు చేతులూ బీరువాకు ఆనించింది.

"ఏమయ్యా," అంది, చచ్చిపోయిన మొగుడితో. "నీ బీరువాలోనే నాకు దావ తప్పిపాయనే."

అని ఇటు తిరిగింది. మూడడుగుల దూరంలో, వెలుతురులో మాబున్ని నిలబడి ఉంది. మస్తానమ్మ చూపు ఆమె ముఖం మీదుగా, అక్కడ ఎవరూ లేనట్టు జరిగిపోయింది.

నీలం. గాట్లు. మెహరున్నీసా వీపు మీద తను వేసిన దెబ్బలు, ఆ బెల్లం ముక్క. మెంతులు ఇట్ల అందియ్యి, పసుపు తీసియ్యి. అన్నీ ఒక్కసారే వచ్చి మాబున్ని మీద పడ్డాయి.

"అత్తా," అంది.

మస్తానమ్మ ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది. "ఎంతసేపాయ నువ్వొచ్చి?"

"ఈ బీరువా ఏం రంగు అత్తా?"

"నీలం గదా."

"నీలం అంగట్లో దొరకల్యా. అది పచ్చ."

మస్తానమ్మ ఇంకేమీ దాచలేదు. బీరువాకు వీపు ఆనించి అట్లాగే నేల మీదికి జారి కూర్చుంది.

"నాలుగేండ్లాయ," అంది. "ముందు దీపం సుట్టూ రంగులు కనపడతాండె. తర్వాత పక్కలు పోయినాయి. ఈ ఏడు నడిమిది గూడా పోయినాది. ఇప్పుడు ఎండా నీడా తెలుస్తాది, అంతే."

"మాకెందుకు చెప్పలేదు అత్తా? నీ కొడుకు యాడికన్నా తీసకపోతాండె గదా."

"చెప్తే ఏం చేసేటోళ్ళో నాకు తెలుసు. మీ మామ అమ్మకు కండ్లు పోతే తొమ్మిదేండ్లు అరుగు మింద కూచ్చోబెట్టినాం. తిట్టలేదు, కొట్టలేదు. వేళకు సంకటి పెట్టినాం. ఒక పొద్దు ఆమె, 'మస్తానీ, నాలుగు ఎల్లిపాయలన్నా ఇయ్యి, వలిచిపెడతా' అన్యాది. నాకు పని తొందర. 'నువ్వు ఊరికే ఉండు' అన్యా. ఆమె మళ్ళ ఎప్పుడూ ఏ పనీ అడగలా. సచ్చేదాంక ఊరికే ఉన్యాది." మస్తానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "రాత్రి వాడు అడిగితే నాకు అదే కండ్ల ముందుకు వచ్చినాది. చెడ్డదాన్ననుకోనీ, గుడ్డిదాన్నని తెలీగూడదు అనుకుంటి."

మాబున్ని ఆమె ముందు కూలబడి, ఆమె చేతులు రెండూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆ గాట్లు పూడ్చమన్నది నేనే అత్తా. సత్తారన్నను పిలిచి, యాడ ఉన్నాయో కూడా తెలీగూడదు అని చెప్పి పూడ్పిచ్చినా."

"నువ్వు మంచికే చేసినావు లే."

"పసిదాన్ని కొట్టినా ఆ గాట్లకు."

"అప్పుడు నేను నోరు ఇప్పి ఉండాల్సింది. ఆ దెబ్బలు నాయి," అంది మస్తానమ్మ.

బావి దగ్గర తాడు గిలక మీద అట్లాగే వేలాడుతోంది. మాబున్ని చాలాసేపటికి లేచి, కూరగాయలు తరిగే కత్తి తీసుకుంది. సొరుగులన్నీ లాగి, లోపల ఉన్నవన్నీ చాటల్లోకి ఒంపింది. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు మీద, పిడి కింద, కత్తి మొన పెట్టింది.

"ఉప్పు మునుపు యాడుండె అత్తా?"

"రెండో వరసలో మొదటిది."

"దానికి ఎన్ని గాట్లు?"

కోడలి చేతిలో కత్తి రంగును గీసిన చప్పుడు మస్తానమ్మకు వినిపించి ఉంటుంది.

"ఒకటే," అంది. "కందిబేడలకు రెండు. పసుపుకు అడ్డగీత."

దస్తగిరి బస్సు వేళకు వచ్చేసరికి వంటింటి నేల నిండా పచ్చ పొట్టు. కోటింగు మీద కోటింగు వేయించిన బీరువాను పెండ్లాం కత్తితో చెక్కుతోంది. అమ్మ పక్కన కూర్చుని లెక్క చెబుతోంది. అతను నోరు తెరవబోతే మాబున్ని చెయ్యెత్తి ఆపి, బయటికి తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి, అంతా చెప్పింది. అతను వింటూ వింటూ మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. కండ్లు కనపల్లేదా నీకు అని తనే కదా అడిగింది.

ఆ తర్వాత లోపలికొచ్చి, గడప పక్కనున్న మూట విప్పి, రెండు కోకలనూ దండెం మీద తిరిగి వేశాడు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె అతని తల తడిమి, చెవులు తడిమి, "ఎండన పడి వచ్చినావా?" అని మాత్రం అడిగింది.

ఆ శుక్రవారం గంజి మళ్ళీ మస్తానమ్మే కాచింది. మసీదులో అందరికంటే ముందు ఒక గిన్నె దస్తగిరి తాగి చూపించాడు. మొన్నటిది కచ్చతో కాదని, కళ్ళు లేక జరిగిందని నలుగురిలో చెప్పాడు. గౌస్ మొహిద్దీన్ రెండో గిన్నె అడిగి పోయించుకున్నాడు.

పండగ వెళ్ళాక ఆమెను కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు రెండు కళ్ళలోకీ చాలాసేపు దీపం వేసి చూసి, నాలుగేళ్ళ ముందు తెచ్చి ఉంటే ఏమన్నా చేసేవాళ్ళం అన్నాడు. తిరుగు బస్సు చెన్నూరు దాటినా, పొద్దున సంచిలో తెచ్చుకున్న చిత్రాన్నం సంచిలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక మస్తానమ్మ కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి నడిచింది. మాబున్ని పొయ్యి రాజేస్తూ ఉంది. అత్త బీరువా మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కింది దాకా నెమ్మదిగా రాసింది.

"మాబున్నీ."

"ఆ, అత్తా."

"పచ్చ అంటివే. ఎట్లాంటి పచ్చ?"

ఒక వస్తువు ఎట్లా ఉందో ఆమె ఇంకొకరి కళ్ళను అడగడం నాలుగేళ్ళలో అదే మొదలు. మాబున్ని ఊదడం ఆపి ఇటు తిరిగింది.

"మైదుకూరు పోయేటప్పుడు కాలవ కింద నారుమళ్ళు ఉంటాయి గదా అత్తా. పీకే ముందర ఎట్లుంటాయి, ఆ పచ్చ."

మస్తానమ్మ అరచెయ్యి బీరువా మీదే ఉంచి తల ఊపింది.

"అది చూసినా నేను," అంది.

తర్వాత ఆమె వేలు పిడి కింద ఒంటి గాటును పట్టుకుంది. సొరుగు లాగిన చప్పుడు ఒకటి, మూసిన చప్పుడు ఒకటి. మాబున్ని పొయ్యిలోకి ఊదుతూ ఆ రెండే లెక్కపెట్టుకుంది.